ఇనుప బీరువాలో థీసిస్: రవాణా పరిశోధనల రికార్డులు ఎక్కడ తెగిపోతున్నాయి

తిరుపతిలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల గ్రంథాలయంలో నేను పనిచేస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక ఎం.టెక్. విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డు మలుపుల్లో వాహనాల వేగాన్ని కొలిచి ప్రాజెక్టు చేయాలని అతని ఆలోచన. "ఇంతకు ముందు ఎవరైనా చేశారా మేడమ్?" అని అడిగాడు. కంప్యూటర్‌లో ఎన్ని విధాల వెతికినా ఏమీ దొరకలేదు. లేదనే చెప్పి పంపాను. అతను మూడు వారాలు ఎండలో నిలబడి సర్వే చేసుకొచ్చిన తర్వాత, విభాగం వాళ్లు గది ఖాళీ చేస్తుండగా ఇనుప బీరువాలోంచి ఎర్ర రెక్సిన్ అట్ట వేసిన పాత థీసిస్ ఒకటి బయటపడింది. అదే రోడ్డు, ఇంచుమించు అవే మలుపులు, అదే పద్ధతి. ఆ అంకెలు ముందే చేతికి అంది ఉంటే అతను అవే మలుపుల దగ్గర నిలబడి, అప్పటికీ ఇప్పటికీ వేగాలు ఎలా మారాయో చెప్పగలిగేవాడు. అది ఇంకా విలువైన పని అయ్యేది.

థీసిస్ భద్రంగానే ఉంది, అట్ట కూడా చెక్కు చెదరలేదు. కానీ అది ఉందని చెప్పే నాలుగు వరుసల సమాచారం వెతికేవాడి కంటికి కనబడే చోట ఎక్కడా లేదు. రవాణా రంగంలో ఇది తరచుగా జరుగుతుంది, దానికి కారణమూ ఉంది. ఈ రంగంలో పరిశోధనలో చాలా భాగం పత్రికల్లో అచ్చు కాదు. రోడ్లు భవనాల శాఖకు ఇచ్చిన నివేదికగా, నగరపాలక సంస్థ చేయించిన ట్రాఫిక్ అధ్యయనంగా, ఎం.టెక్. థీసిస్‌గా, సదస్సులో చదివిన పత్రంగా మిగిలిపోతుంది. గ్రంథాలయాల వాళ్లు దీన్ని గ్రే లిటరేచర్ అంటారు. పుస్తకాల అంగడిలో దొరకని, పత్రిక సూచికల్లో చేరని ఈ సాహిత్యానికి ఉమ్మడి డేటాబేస్ ఒక్కటే చిరునామా. ఆ డేటాబేస్‌లో రికార్డు లేకపోతే చేసిన పరిశోధన చేయనట్టే లెక్క.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. ఒక పరిశోధనకు ఒక రికార్డు చాలునని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండు కావాలి, ఆ రెండూ వేర్వేరు వస్తువులను వర్ణిస్తాయి. మొదటిది ప్రాజెక్టు రికార్డు. ఎవరు డబ్బు ఇస్తున్నారు, ఎవరు పని చేస్తున్నారు, ప్రధాన పరిశోధకుడు ఎవరు, ఒప్పందం నంబరు ఎంత, ఎప్పుడు మొదలైంది, ఎప్పటికి ముగియాలి, ఇప్పుడు ఏ దశలో ఉంది అనే సంగతులు ఇందులో ఉంటాయి. ఇది ఒక పనిని వర్ణిస్తుంది. పని సాగుతున్నంత కాలం మారుతూ ఉండటం దీని స్వభావం. రెండోది ప్రచురణ రికార్డు. నివేదిక పేరు, రచయితలు, పేజీలు, తేదీ, సారాంశం, పూర్తి పాఠం దొరికే చోటు ఇందులో ఉంటాయి. ఇది ఒక పత్రాన్ని వర్ణిస్తుంది, పత్రం మారదు కాబట్టి ఇది కూడా దాదాపు మారదు. ఒక ప్రాజెక్టు నుంచి మధ్యంతర నివేదిక, తుది నివేదిక, రెండు సదస్సు పత్రాలు, ఒక డేటా సమాహారం రావచ్చు, ఏమీ రాకపోవచ్చు కూడా. అందుకే ఒకదాన్ని రెండోదానిగా మార్చేయడం కుదరదు. రెండూ ఉండాలి, ఒకదాని నుంచి ఒకదానికి దారి ఉండాలి.

ఈ అమరిక బాగా స్థిరపడిన చోటు అమెరికా. అక్కడి జాతీయ అకాడమీల కింద పనిచేసే ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డు 1920లో హైవే పరిశోధన సలహా మండలిగా పుట్టింది, 1974లో ఇప్పటి పేరు తీసుకుంది. కొనసాగుతున్న పరిశోధనల కోసం ఆ బోర్డు రీసెర్చ్ ఇన్ ప్రోగ్రెస్ అనే డేటాబేస్‌ను నడుపుతోంది. వాడుకలో దాన్ని రిప్ అంటారు. పూర్తయిన వాటి ప్రచురణల కోసం ట్రిస్ అనే సూచిక చాలా ఏళ్లుగా ఉంది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ సభ్యదేశాలు ఐటీఆర్‌డీ పేరుతో ఇలాంటిదే వేరుగా నడుపుకునేవి. 2011లో ట్రిస్‌నూ ఐటీఆర్‌డీనీ కలిపి ట్రిడ్ తయారు చేశారు. ఇవాళ అందులో 14 లక్షలకు పైగా రికార్డులు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. రిప్ రికార్డులు కూడా ట్రిడ్‌లోనే కనబడతాయి కాబట్టి, కాంక్రీటు రోడ్డు పగుళ్ల గురించి వెతికే మనిషికి ముప్పై ఏళ్ల కిందటి నివేదికతో పాటు ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టు కూడా ఒకే తెర మీద వస్తుంది. ఈ ఒక్క సౌకర్యం వెనుక ఉన్న శ్రమ అంతా రికార్డును సమయానికి తెరవడంలో, సమయానికి మూయడంలో ఉంది.

తెరవడం పరిశోధన మొదలైనప్పుడే జరగాలి. ముగిశాక ఒకేసారి రాద్దాములే అనుకుంటే రెండు నష్టాలు ఉన్నాయి. మొదటిది మా విద్యార్థికి జరిగినలాంటిదే. పని సాగుతున్న రెండు మూడేళ్లలో వేరొకరు అదే పని మొదలుపెట్టవచ్చు, ఆపే సమాచారం ఎక్కడా ఉండదు. రెండోది అంత తొందరగా కంటికి కనబడదు. మధ్యలో ఆగిపోయిన పరిశోధన ఎప్పటికీ రికార్డుకు ఎక్కదు. యంత్రం పాడైందో, నిధులు ఆగాయో, పరిశోధకుడు వేరే ఊరికి బదిలీ అయ్యాడో, లేదా పద్ధతే పనిచేయలేదని తేలిందో, ఆ కారణం రెండు వాక్యాల్లో ఉన్నా తర్వాతివాడికి అది దారి చూపుతుంది. ఒక రకం పాలిమర్ కలిపిన తారు మన ఎండలకు నిలవలేదని ఒకరు సగంలో తెలుసుకుని వదిలేస్తే, ఆ సంగతి రాసి ఉంచకపోతే, పదేళ్ల తర్వాత ఇంకొకరు అదే తారును అదే ఎండలో పరీక్షిస్తారు. ఆగిపోయిందనే స్థితికి డేటాబేస్‌లో ఒక గడి ఉండాలనీ, దాన్ని నింపడం పరువు తక్కువ కాదని సంస్థలు పరిశోధకులకు చెప్పాలనీ నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మూయడం. నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ రికార్డులు తెగిపోయేది ఇక్కడే. ప్రాజెక్టు ముగిసిన రోజున చాలా పనులు ఒకేసారి మీద పడతాయి. తుది నివేదిక అచ్చుకు వెళ్లాలి, నిధులు ఎలా ఖర్చయ్యాయో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి, మిగిలిన వాయిదా రాబట్టాలి, అప్పటికే రీసెర్చ్ స్కాలర్ ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. రికార్డులో 'కొనసాగుతోంది' అన్న మాట అలాగే ఉండిపోతుంది. ఐదేళ్ల కిందట ముగియాల్సిన తేదీ వేసి ఉండి ఇప్పటికీ కొనసాగుతున్నట్టు చూపే రికార్డు, రికార్డు లేకపోవడం కంటే కొన్ని సార్లు ఎక్కువ చేటు చేస్తుంది. చూసినవాడు 'ఎవరో చేస్తున్నారు కదా' అని ఆగిపోతాడు, చేసినవాడి నివేదిక కోసం ఎదురుచూస్తాడు, ఆ నివేదిక ఎప్పుడో వచ్చి వేరే పేరుతో వేరే చోట పడి ఉంటుంది.

సరైన పద్ధతిలో మూసినప్పుడు నాలుగు పనులు జరుగుతాయి. ప్రాజెక్టు రికార్డులో స్థితిని 'పూర్తయింది' అని మారుస్తారు. అనుకున్న ముగింపు తేదీని చెరపకుండా, నిజంగా ముగిసిన తేదీని పక్కన వేస్తారు. తుది నివేదికకు కొత్త ప్రచురణ రికార్డు, కొత్త నంబరు ఇస్తారు. చివరిగా ప్రాజెక్టు రికార్డులో నివేదిక లంకెను, నివేదిక రికార్డులో ప్రాజెక్టు లంకెను పెడతారు. పని ముగిసింది కదా అని ప్రాజెక్టు రికార్డును తీసేయకూడదు. ఎందుకంటే నివేదికలో లేని సంగతులు అందులోనే ఉంటాయి. డబ్బు ఎంత అయింది, ఎవరు పెట్టారు, ఎంత ఆలస్యమైంది, ఏ ఒప్పందం కింద జరిగింది అన్నవి తర్వాతి ప్రాజెక్టును ఆమోదించే అధికారికి నివేదిక కంటే ముందు కావాల్సిన సమాచారం.

అమెరికాలో ఇది మంచి మనసు మీద ఆధారపడి నడవడం లేదు, డబ్బుతో ముడిపడి ఉంది. అక్కడి రాష్ట్రాలకు ప్రధాన హైవే పథకాల కింద వచ్చే సమాఖ్య నిధుల్లో 2 శాతం ప్రణాళిక, పరిశోధనలకు పక్కన పెట్టాలి, అందులో కనీసం 25 శాతం పరిశోధనకు ఖర్చు చేయాలి. ఆ నిధులు వాడుకునే రాష్ట్రం తన పరిశోధన ప్రణాళికకు ఈ ఉమ్మడి డేటాబేస్‌ను ఉపయోగించాలనీ, నడుస్తున్న పనులను అందులో నమోదు చేయాలనీ, తుది నివేదిక వివరాలు అందించాలనీ సమాఖ్య నిబంధనావళి 23వ శీర్షిక 420వ భాగం చెబుతుంది. అంటే రికార్డు రాయడం గ్రంథాలయం పనిగా కాక, నిధులు పొందేందుకు ఒక షరతుగా మారింది. ఇంత పెద్ద వ్యవస్థ ఇన్నేళ్లు నిలవడానికి సాఫ్ట్‌వేర్ కంటే ఈ షరతే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ ఆలోచన లేదనడం అన్యాయం. జయకర్ కమిటీ సిఫారసుల మీద 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, తన హైవే రీసెర్చ్ బోర్డు ద్వారా దేశంలో జరిగే రోడ్డు పరిశోధనల సమాహారాన్ని హైవే రీసెర్చ్ రికార్డ్ పేరుతో దశాబ్దాలుగా వెలువరిస్తోంది. కొత్తగా మొదలైనవి, సాగుతున్నవి, ముగిసినవి అనే విభజన అందులోనూ ఉంది. కానీ అది ఒక సంపుటి. సంపుటిలో అచ్చయిన స్థితి మరుసటి సంపుటి వచ్చేదాకా మారదు, పాత సంపుటిలోని పనికి కొత్త సంపుటిలో ఏమైందో చదివేవాడే పక్క పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి.

విశ్వవిద్యాలయాల వైపు నుంచి మరొక ప్రయత్నం ఉంది, దాని అమరిక నాకు ఎంతో నచ్చుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల తర్వాత, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం పీహెచ్‌డీ థీసిస్‌ల కోసం శోధ్‌గంగను నిర్మించింది. దానికి జోడుగా శోధ్‌గంగోత్రి ఉంది. పీహెచ్‌డీకి నమోదైన విద్యార్థి ఆమోదం పొందిన సినాప్సిస్, అంటే చేయబోయే పరిశోధన రూపురేఖ, గంగోత్రిలో చేరుతుంది, థీసిస్ పూర్తయి గంగలో చేరాక, గంగోత్రిలోని సినాప్సిస్ నుంచి ఆ థీసిస్‌కు లంకె ఇవ్వాలన్నది ఏర్పాటు. నది పుట్టిన చోటు పేరును పరిశోధన పుట్టిన చోటుకు పెట్టడంలోనే, ప్రాజెక్టు రికార్డు, ప్రచురణ రికార్డు అనే రెండింటి సంబంధం మొత్తం ఇమిడి ఉంది. అయితే ఇది పీహెచ్‌డీల కోసం కట్టినది. మా బీరువాలోని ఎం.టెక్. థీసిస్‌లకు, శాఖలు చేయించుకునే కన్సల్టెన్సీ అధ్యయనాలకు ఇందులో చోటు లేదు. తిరుపతి లాంటి ఊరి రోడ్ల మీద నిజంగా జరిగిన కొలతల్లో ఎక్కువ భాగం ఈ రెండు రకాల్లోనే ఉంటాయన్నది నా అనుభవం.

ఇంకో పొరపాటు అవగాహనను కూడా ఇక్కడే తీర్చాలి. ప్రమాదాల వివరాలు నమోదు చేసే ఐరాడ్ లాంటి వ్యవస్థలను చూపించి, రికార్డులు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. అది ఘటనల డేటా. ఎక్కడ, ఎప్పుడు, ఏ వాహనం అన్నది అది చెబుతుంది. ఆ డేటాను తీసుకుని భాకరాపేట ఘాట్‌లో ప్రమాదాలకు కారణం వాలా, మలుపా, వేగమా అని ఎవరైనా పరిశీలించారా అన్న ప్రశ్నకు జవాబు పరిశోధన రికార్డు నుంచే రావాలి.

రికార్డు ఉన్నా దొరకకపోవడం మరొక పెద్ద సమస్య. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల వాళ్లకు దీన్ని వివరించడం సులువు, ఎందుకంటే మన పేర్లే మనల్ని మోసం చేస్తాయి. 2021 డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడి రాకపోకలు ఆగాయి, ఐఐటీ నిపుణులు వచ్చి కొండవాలును పరిశీలించారు. ఆ రోజున ఆ స్థలం చిత్తూరు జిల్లా. నాలుగు నెలలు తిరిగేసరికి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది, కొండ కదలకుండానే జిల్లా మారింది. ఆ కొండవాలు గురించి 2021లో రాసిన రికార్డులో ప్రదేశం గడిలో చిత్తూరు అనీ, 2023లో రాసిన దానిలో తిరుపతి అనీ ఉంటే, జిల్లా పేరుతో వెతికేవాడికి ఎప్పుడూ సగమే దొరుకుతుంది. రోడ్లదీ అదే కథ. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరుకు వచ్చే రహదారి ఒకప్పుడు 18వ నంబరు, 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చాక 40 అయింది. మదనపల్లె నుంచి పీలేరు మీదుగా తిరుపతికి వచ్చేది 205 కాస్తా 71 అయింది. పాత నివేదికలో 205 అని రాసి ఉన్న దాన్ని, 71 అని వెతికే యువ ఇంజనీరు ఎలా పట్టుకుంటాడు? అందుకే పాత పేరును దిద్దేయకుండా, రాసిన నాటి పేరు, నేటి పేరు రెండూ ఉంచి, వాటితో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా వేయాలి. ప్రభుత్వాలు మార్చలేనివి అవి మాత్రమే.

ఊరి పేరు ఇంగ్లీషు వర్ణక్రమం కూడా తక్కువది కాదు. తిరుపతికి చివర 'హెచ్' పెట్టేవాళ్లు, పెట్టనివాళ్లు, మొదట్లో కూడా పెట్టేవాళ్లు మా ఒక్క గ్రంథాలయం అట్టల మీదే ఉన్నారు. సంస్థల పేర్లు అంతే. ఎస్వీ యూనివర్సిటీ, ఎస్.వి.యు., శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనేవి యంత్రం దృష్టిలో మూడు సంస్థలు. మనుషుల పేర్లయితే చెప్పనక్కర్లేదు. కె. వెంకటేశ్వర్లు అనే పరిశోధకుడు ఉన్నాడనుకుందాం. థీసిస్ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, విదేశీ పత్రికలో అది విప్పుకుని చివరికి వెళుతుంది, మన సరిహద్దు మండలాల్లో కొందరికి ఆ పొడి అక్షరం ఇంటిపేరు కాదు, తండ్రి పేరు. ఇలాంటి చోట ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే పేరు ఎన్ని వేషాలు వేసినా అంకె ఒక్కటే. సంస్థలకు ఒక ప్రామాణిక పేర్ల జాబితా పెట్టుకుని, రాసేవాడు ఏది టైపు చేసినా అందులోంచే ఎంచుకునేలా చేయడం గ్రంథాలయాలు తరతరాలుగా చేస్తున్న పనే.

విషయ పదాల దగ్గర ఇంకొంచెం లోతైన సమస్య ఉంది. పేవ్‌మెంట్ అంటే రోడ్డు ఇంజనీర్లకు తారు లేదా కాంక్రీటు రోడ్డు పొరలు, బ్రిటన్‌లో మామూలు జనానికి అది కాలిబాట. ఒకరికి లారీ అయినది ఇంకొకరికి ట్రక్కు. వేర్వేరు దేశాల సూచికలు ఒక చోటికి చేరినప్పుడు ఇలాంటి తేడాలు ఎదురుకాక తప్పదు. ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ థెసారస్ అనే నియంత్రిత పదకోశాన్ని ఇందుకే నిర్వహిస్తున్నారు. రచయిత ఏ మాట వాడినా, సూచిక రాసేవాడు పదకోశంలోని ఒక మాటను దానికి తగిలిస్తాడు. మనం 'ఘాట్ రోడ్డు' అని రాస్తే ఆ మాటను కొండదారి అనే అర్థంలో మన దేశం బయట వాడరు. అందువల్ల మనం రాసే రికార్డులో ఘాట్ రోడ్డు అన్న మాటను అలాగే ఉంచి, దానితో పాటు కొండదారి, మలుపు వ్యాసార్థం, దిగుడు వాలు, వేగ నియంత్రణ అనే సాధారణ పదాలను కూడా చేర్చాలి. అప్పుడే ఆల్ప్స్ దారుల మీద పని చేసేవాడికి తిరుమల దారి కనబడుతుంది, మనకు వాళ్లది కనబడుతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. ఎక్కే దారిని, దిగే దారిని పూర్తిగా విడదీసిన ఇలాంటి కొండదారి మీద చేసిన కొలతలు ఇతరులకు పనికివస్తాయి, వాళ్ల కంట పడితే.

ఒకే ప్రాజెక్టుకు రెండు మూడు రికార్డులు పుట్టడం గురించి కొద్దిగా చెప్పి వదిలేస్తాను. డబ్బిచ్చిన శాఖ ఒకటి, పని చేసిన సంస్థ ఇంకొకటి అయినప్పుడు ఇద్దరూ నమోదు చేస్తారు, పేర్లు కొంచెం తేడాగా ఉంటాయి, రెండు ప్రాజెక్టులని చూసేవాడు అనుకుంటాడు. అమెరికాలో అనేక రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించే పూల్డ్ ఫండ్ పరిశోధనలకు ఒక ప్రధాన సంస్థను నిర్ణయించుకుంటారు. అలా ఒకరే రికార్డు తెరిచి మూసే బాధ్యత తీసుకుని, మిగతావాళ్లు అందులో తమ పేరు చేర్పించుకోవడమే ఉత్తమం. ఒప్పందం నంబరు తప్పనిసరి గడిగా పెడితే, పేర్లు ఎంత మారినా జంట రికార్డులు దాని దగ్గర పట్టుబడతాయి.

గోప్యత అనే అభ్యంతరం తరచూ వినబడుతుంది. శాఖకు ఇచ్చిన నివేదిక బయటపెట్టకూడదు కాబట్టి రికార్డు కూడా పెట్టలేమంటారు. నివేదిక లోపలి పాఠం వేరు, అది ఉందన్న సమాచారం వేరు. పేరు, సంవత్సరం, సంస్థ, రెండు వాక్యాల విషయ వివరణ, ఎవరిని అడగాలో ఒక హోదా, ఇంతవరకు బయటపెడితే ఏ రహస్యమూ బయటపడదు. వంతెన బలం లెక్కలు లోపలే ఉంటాయి, ఆ వంతెనను ఎప్పుడు పరీక్షించారో మాత్రం తెలుస్తుంది.

మనకు ట్రిడ్ లాంటిది వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక విభాగం చేయగలిగింది చాలా ఉంది, నేను పనిచేసే చోట మొదలుపెట్టింది చెబుతాను. ఎం.టెక్. విద్యార్థి ప్రాజెక్టు పేరు ఆమోదం కోసం కాగితం పెట్టే రోజునే గ్రంథాలయంలో ప్రాజెక్టు రికార్డు తెరుస్తున్నాం. ఆమోదం కాగితం మీద ఆ రికార్డు నంబరు లేకపోతే గైడు సంతకం చేయరు. ఏడాదికి ఒకసారి స్థితి సరిచూస్తాం. వైవా ముగిశాక గ్రంథాలయం నుంచి నో డ్యూస్ తీసుకోవడానికి వచ్చినప్పుడు, థీసిస్‌కు ప్రచురణ రికార్డు రాసి రెండింటికీ లంకె వేసిన తర్వాతే ఆ కాగితం ఇస్తాం. స్పాన్సర్ ప్రాజెక్టులకు ఇదే పనిని యుటిలైజేషన్ సర్టిఫికెట్‌తో పాటు చేయాలని అడుగుతున్నాం. దానికి ఇంకా ఒప్పుకోలు రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను, ఎందుకంటే మనిషి ఎలాగూ వచ్చి తీరాల్సిన గుమ్మం దగ్గరే ఈ పని పెట్టాలి. ప్రత్యేకంగా రమ్మంటే ఎవరూ రారు, వాళ్ల తప్పు కూడా కాదు.

ఎర్ర అట్ట థీసిస్‌కు మొన్న వేసవిలో రికార్డు రాశాను. అప్పటి ప్రాజెక్టు కాగితాలు దొరకలేదు కాబట్టి మొదలైన తేదీ గడి ఖాళీగానే వదిలాను. ప్రదేశం గడిలో రెండు జిల్లాల పేర్లూ వేసి, ప్రతి మలుపుకూ అక్షాంశ రేఖాంశాలు వేశాను. ఆ అంకెలు తెచ్చి ఇచ్చింది మూడు వారాలు ఎండలో నిలబడిన విద్యార్థే. అతని థీసిస్ రికార్డుకూ దీనికీ ఇప్పుడు లంకె ఉంది.